సహాయం ముగిశాక అభివృద్ధా, రెండూ కలిపా? కోనసీమలో నేను చూసినది

విపత్తు సహాయం ముగిసిన తర్వాతే అభివృద్ధి పనులు మొదలుపెట్టాలా, లేక రెండింటినీ కలిపి నడపవచ్చా అని అడిగారు. 1996 నవంబరు 6న తూర్పు గోదావరి తీరాన్ని తాకిన తుపాను తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కోనసీమలో పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముగిసేదాకా ఆగితే, సహాయానికి ముగింపే ఉండదు.

మొదటి వారాల్లో మేము బియ్యం, కిరోసిన్, దుప్పట్లు పంచాము. అవి అత్యవసరం, అందులో తప్పేమీ లేదు. అయితే నేలకూలిన కొబ్బరి తోటల మీద బతికేది తోట యజమానులు మాత్రమే కాదు. కాయలు దింపేవారు, వాటిని ఒలిచేవారు, పీచు తీసేవారు, తాడు పేనే ఆడవాళ్లు కూడా ఆ చెట్ల మీదే ఆధారపడ్డారు. మేము తిరిగిన ఊళ్లలో చెట్ల లెక్కన వచ్చే పరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వారికే అందింది. నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, దింపు కార్మికుడు పోగొట్టుకున్నది ఒక పంట కాదు, అన్నేళ్ల కూలి.

విత్తనపు కాయలను నారుమడిలో పెట్టి తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు పెంచితేగాని మొక్క నాటడానికి పనికిరాదు. అందువల్ల ఆ డిసెంబరులోనే సహాయ నిధి నుంచి కూలి ఇచ్చి, పని పోయినవారి చేతనే నారుమళ్లు వేయిద్దామని ప్రతిపాదించాము. అది అభివృద్ధి పద్దు కిందికి వస్తుందని, మా నిధి ఆరు నెలల్లో సహాయానికే ఖర్చు కావాలని దాత సంస్థ తిరస్కరించింది. కూలిన మానులను తొలగించే పనికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. (అదే మనుషులు, అదే కూలి, అదే తోట; పద్దు పేరు ఒక్కటే తేడా.) ఖాళీ అయిన తోటల్లో అరటి, కంద వేసుకోవడానికి ఇద్దరు ముగ్గురు రైతులు కూలీలకు వాటా మీద చోటిచ్చారు. నిజానికి మా పంపిణీ కంటే ఎక్కువ కాలం నిలిచింది ఆ ఏర్పాటే.

కాబట్టి మీరు మొదటి అంచనా రాసేటప్పుడే, ఏం పోయింది అన్నదానితోపాటు, అది తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుంది, ఆ లోపల ఎవరికి పని ఉండదు అన్నవి కూడా నమోదు చేయండి. నిధుల ఒప్పందం మీద సంతకం చేయకముందే, కొంత భాగాన్ని జీవనోపాధికి మళ్లించే వెసులుబాటు రాతపూర్వకంగా అడగండి. మేము అడగలేదు, మా నారుమడి రెండేళ్ల తర్వాత వేరే నిధితో మొదలైంది, అప్పటికి దింపు కార్మికుల్లో చాలామంది ఊరు విడిచి వెళ్లిపోయారు.