అంబాసిడర్ టాపెట్ల చప్పుడు: ఇంకా బిగించే ముందు రాకర్ల ముక్కులు చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1984 మోడల్ పెట్రోల్ అంబాసిడర్, పాత 1489 సీసీ ఇంజను. టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వును నొక్కి తెరిచే రాకర్‌కూ ఆ వాల్వు కాడకూ మధ్య గ్యాప్ సరిచేయడం, రెండుసార్లు చేయించినా టక్‌టక్ పోలేదు. మెకానిక్ ఇప్పుడు "ఇంకొంచెం బిగిద్దాం, లేకపోతే చిక్కటి ఆయిల్ పోసి, లిఫ్టర్ల చప్పుడు తగ్గించే డబ్బా మందు కలుపుదాం" అంటున్నాడు. చేయించాలా?

రెండూ వద్దు. బిగించడం అసలే వద్దు.

ముందు ఆ డబ్బా మందు సంగతి. అది హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్లకు (లిఫ్టరన్నా టాపెటన్నా ఒకటే). వాటి లోపల చిన్న పిస్టన్ ఉంటుంది, ఆయిల్ ఒత్తిడితో అది పైకి లేచి గ్యాప్ తనంతట తానే సరిచేసుకుంటుంది. అక్కడ మడ్డి పట్టుకుంటే చప్పుడు వస్తుంది, మందు పోస్తే ఒక్కోసారి వదులుతుంది. మీ ఇంజను మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం నాటి బీఎంసీ బి-సిరీస్. దాని టాపెట్లు ఇనప గిన్నెల్లాంటివి. లోపల పిస్టనూ లేదు, స్ప్రింగూ లేదు, కడగడానికి ఏమీ లేదు. పైగా ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఇలాంటి మందు ఒక్కసారిగా కదిలిస్తే, అది పోయి రాకర్లు ఆడే ఇరుసుకు, అంటే రాకర్ షాఫ్ట్‌కు వెళ్లే సన్నటి ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది. చిక్కటి ఆయిల్ కూడా అంతే, పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు రాకర్ల దాకా ఎక్కడానికి ఇంకా ఆలస్యం చేస్తుంది. 20డబ్ల్యు-40 గానీ, ఎండ ఎక్కువున్న చోట 20డబ్ల్యు-50 గానీ చాలు.

బిగించడం ఎందుకు వద్దంటే, వాల్వు మూసుకుని తన సీటు మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే వేడిని హెడ్‌కు (ఇంజను పై దిమ్మకు) వదులుకుంటుంది. గ్యాప్ లేకపోతే పూర్తిగా కూర్చోదు. మండుతున్న గ్యాస్ ఆ సందులోంచి దూరి, వాల్వు అంచును కోసేస్తుంది. ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వులు. లూజుగా ఉన్న వాల్వు అరుస్తుంది, టైటుగా ఉన్నది చప్పుడు చేయకుండా కాలిపోతుంది. దీనికి తోడు 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఈ హెడ్‌లో సీట్లు హెడ్ ఇనుములోనే కోసినవి. సీసం పూత లేకపోవడంతో ఎగ్జాస్ట్ సీటు అరుగుతుంది, వాల్వు లోపలికి దిగుతుంది, కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. ఎల్పీజీ కిట్ ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే నన్నడిగితే, ఎవరూ ముట్టుకోకుండానే ఏడాదికేడాది చప్పుడు తగ్గుతున్న అంబాసిడర్‌నే ఎక్కువగా అనుమానించాలి. టక్‌టక్‌మంటున్న మీ బండికి ఇంకా టైం ఉంది.

అది నిజంగా టాపెట్ చప్పుడేనా అన్నది మొదట తేల్చుకోండి. వాల్వులు ఇంజను వేగంలో సగం వేగంతో ఆడతాయి. ఐడిల్ 800 ఆర్పీఎం ఉంటే ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు. దీనికంటే దట్టంగా, బరువుగా, కింది నుంచి వస్తుంటే అది బేరింగ్ కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్‌మని, వేడెక్కాక పోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకును అనుమానించండి. పెట్రోల్ పంపు లివర్ కూడా వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ మీదే ఆడుతుంది కాబట్టి దాని చప్పుడు అచ్చం టాపెట్‌లాగే ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, కొనను పంపు మీద ఒకసారి, రాకర్ కవర్ మీద ఒకసారి పెట్టి వినండి. ఫ్యాన్‌కు దూరంగా నిలబడండి. ఏ సిలిండరో తెలియాలంటే కవర్ తీసి, ఇంజను ఐడిల్‌లో ఉండగా ఒక్కో వాల్వు సందులో ఫీలర్ బ్లేడు (సందు కొలిచే పలచటి రేకు) పెట్టండి. ఏ వాల్వు దగ్గర పెడితే చప్పుడు ఆగుతుందో అదే దోషి. ఆ బ్లేడు దెబ్బలు తిని పాడవుతుంది, పాత బ్లేడు వాడండి. ఇది దొంగను పట్టుకోవడానికి మాత్రమే, సెట్టింగ్ చేయడానికి కాదు. నడుస్తున్న ఇంజను మీద చెవితో సెట్టింగ్ చేసే అలవాటు ఇంకా చాలా షెడ్లలో ఉంది. సగం కాలిన వాల్వులు అక్కడి నుంచే వస్తున్నాయని నా గట్టి నమ్మకం.

సెట్టింగ్‌కు ఇంజను రాత్రంతా ఆగి ఉండాలి. గ్యాప్ ఎనిమిదింటికీ ఒకటే, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు. ఇది పాత పెట్రోల్ ఇంజను లెక్క, డీజిల్‌కూ తర్వాత వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ (ఇసుజు) ఇంజనుకూ వేరు. మీ గేజ్ మిల్లీమీటర్లదైతే 0.35 బ్లేడు హాయిగా దూరాలి, 0.40 దూరకూడదు. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజను సులువుగా తిరుగుతుంది. వాల్వులను రేడియేటర్ వైపు నుంచి 1 నుంచి 8 దాకా లెక్కపెట్టండి. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. 2, 3, 6, 7 ఇన్‌లెట్. రెండు నంబర్లూ కలిపితే తొమ్మిది రావాలి, అదే లెక్క: 8 పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1ని చూడాలి, 6 తెరుచుకుంటే 3ని, 4 తెరుచుకుంటే 5ని, 7కి 2ని, 1కి 8ని, 3కి 6ని, 5కి 4ని, 2కి 7ని. ఈ వరసలో హ్యాండిల్ రెండు పూర్తి చుట్లు తిరిగేసరికి ఎనిమిదీ అయిపోతాయి.

రాకర్‌కు పుష్ రాడ్ (టాపెట్ కదలికను రాకర్‌కు అందించే కడ్డీ) వైపున్న చెక్‌నట్‌ను స్పానర్‌తో వదులు చేసి, మధ్యలోని స్క్రూ తిప్పాలి. పావు చుట్టు తిప్పితే దాదాపు గ్యాప్ మొత్తం మారిపోతుంది, కాబట్టి వెంట్రుకవాసి చొప్పున కదపండి. చెక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో పాటు కాస్త తిరుగుతుంది. బిగించాక మళ్లీ కొలవకుండా పక్కదానికి పోకూడదు. చాలామంది వదిలేసేది ఈ రెండో కొలతే.

ఇదంతా సరిగ్గా చేసినా చప్పుడు పోలేదంటే, మీ బండి విషయంలో నా అనుమానం రాకర్ ముక్కు మీదే. వాల్వు కాడ మీద ఆనే ఆ ముక్కు నున్నగా, ఒకే వంపుతో ఉండాలి. ఏళ్ల తరబడి ఆడి ఆడి, సరిగ్గా వాల్వు కాడ వెడల్పుకు అక్కడ చిన్న గుంట పడుతుంది. మీ ఫీలర్ బ్లేడు ఆ గుంట కంటే వెడల్పు. అది గుంటలోకి దిగదు, రెండు గట్ల మీద వంతెనలా నిలబడుతుంది. గుంట 8 థౌ లోతుందనుకోండి, బ్లేడు 15 చూపిస్తుంది, అసలు గ్యాప్ మాత్రం 23. మెకానిక్ లెక్క కాగితం మీద కరెక్టే, ఇంజను మాత్రం అరుస్తూనే ఉంటుంది. అప్పుడు ఆయన చెవితో బిగిస్తాడు. చప్పుడు ఏ రాకర్‌దో తెలియక పక్కవాటిని కూడా బిగిస్తాడు. గుంట లేని రాకర్ దగ్గర గ్యాప్ 7కో 8కో పడిపోతుంది. మధ్యలో ఉన్న 4, 5 ఎగ్జాస్ట్‌లు రెండూ హెడ్‌లో ఒకే దారిని పంచుకుంటాయి, అక్కడ వేడి ఎక్కువ, వాటికే ముందు ప్రమాదం.

చూడటం కష్టం కాదు. ఆ వాల్వు పూర్తిగా మూసుకున్న స్థితిలో ఉంచి స్క్రూను బాగా వదులు చేయండి. రాకర్ ముక్కు పైకి లేస్తుంది. కింద చిన్న అద్దం, టార్చి పెట్టి చూడండి, గోటితో అడ్డంగా గీకండి. గోరు గట్టుకు తగిలితే గుంట ఉన్నట్టే. డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపించే కొలత పరికరం) ఉంటే ఇంకా మంచిది: దాని కొనను వాల్వుకు సరిగ్గా పైన రాకర్ మీద ఆనించి, రాకర్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడిస్తే అసలు గ్యాప్ చూపిస్తుంది, గుంట దాన్ని మోసం చేయలేదు. అది లేకపోతే పాత బ్లేడును 6 మిల్లీమీటర్ల వెడల్పుకు కత్తిరించి వాడండి, చాలావరకు నిజం చెబుతుంది.

రిపేరు మంచి లేత్ షాపులో, ముక్కు వంపు పాడవకుండా గ్రైండింగ్. గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. గుంట పోయేంత వరకే తీయాలి, లోతుగా ఉంటే రాకర్ మార్చేయాలి. చేత్తో ఆకురాయి పట్టి రుద్దించకండి. రాకర్ షాఫ్ట్ విప్పాల్సి వస్తే ఒక్క సంగతి మరిచిపోవద్దు: షాఫ్ట్‌ను మోసే పెడస్టళ్ల నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టుకునేవే. రేడియేటర్ నీళ్లు దింపి, హెడ్ నట్లన్నీ వరసగా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఆ నాలుగే విప్పితే హెడ్ వంగి, నీళ్లు సిలిండర్లలోకి దిగుతాయి. విప్పాక షాఫ్ట్ అడుగు భాగం తడిమి చూడండి, అరుగుదల అక్కడే తెలుస్తుంది. ఆయిల్ వెనక చివరి పెడస్టల్ గుండా పైకొస్తుంది, ఆ దారీ షాఫ్ట్ రంధ్రాలూ తీగతో శుభ్రం చేయండి. రాకర్‌కు కొత్త బుష్ వేయిస్తే ఆయిల్ రంధ్రం కలిసిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

పుష్ రాడ్లు పైకి లాగే ముందు కాస్త మెలితిప్పండి, లేదంటే టాపెట్ కూడా అంటుకుని పైకొచ్చి పక్కకు పడుతుంది. అద్దం మీద దొర్లిస్తే వంకర తెలుస్తుంది. టాపెట్లను మానిఫోల్డ్ వైపు, ఇంజను పక్క కవర్ల గుండా తీయొచ్చు. అడుగు నున్నగా గుండ్రటి గీతలతో ఉంటే మంచిదే. గుంటలు, పెచ్చులు ఉంటే క్యామ్ షాఫ్ట్ కూడా పోయిందనే లెక్క, ఒక్కదాన్నే మార్చి లాభం లేదు.

రాకర్ కవర్ కింద కార్క్ ప్యాకింగే వేయించండి. లీకు ఆపడానికి సిలికాన్ గొట్టం పిండేయడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. లోపలికి పొంగిన ఆ ముక్కలు ఊడి, ఆయిల్ సంపులో జల్లెడకు పట్టుకుంటాయి. ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. కవర్ నట్లు రబ్బరు వాషర్లు నొక్కుకునే దాకా బిగిస్తే చాలు, ఎక్కువైతే కవర్ వంగి లీకు మొదలవుతుంది.

హెడ్ నట్లు బిగించాక గ్యాప్ మారుతుంది, ఎనిమిదీ మళ్లీ చూడాలి. తర్వాత కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ కొలిచి రాసి పెట్టుకోండి. 1,000 కిలోమీటర్లు తిరిగాక గ్యాప్‌లు మళ్లీ కొలవండి. 4, 5 దగ్గర అప్పటికే తగ్గి ఉంటే సీటు దిగుతున్నట్టే, ఇక టాపెట్ సెట్టింగ్‌తో లాభం లేదు. హెడ్ దింపించి ఎగ్జాస్ట్ నాలుగింటికీ గట్టి సీటు రింగులు వేయించండి.