మంచు ఫొటోల్లో రంగు ఎక్కడుందో

బుజ్జీ,

నువ్వు పంపిన నలభై రెండు ఫొటోలూ చూశాను. రాత్రి అన్నీ సర్దుకుని కూర్చుంటే లేచేసరికి పన్నెండు దాటింది, లైటు తీసెయ్యమని మీ పెదనాన్న రెండుసార్లు గొణిగారు కూడా. "పెద్దమ్మా, కళ్లతో చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది, తీరా ఫొటోలో చూస్తే బూడిద పోసినట్టుంది, రంగన్నదే లేదు" అని రాశావు కదా. నిజమే, చాలావాటిలో బూడిదే కనిపించింది. అందులో నీ తప్పు పెద్దగా ఏం లేదులే. పదకొండో ఫొటో కింద మాత్రం "ఇది చూడకు, పొరపాటున నొక్కాను, తీసేస్తా" అని రాశావు చూడు, అది తీసెయ్యకు. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు ఆ బూడిద గొడవ తేల్చుకుందాం. నీ ఎదురుగా ఉన్నది మంచని కెమెరాకి తెలీదు. దేన్ని చూపించినా సగటున అది మధ్యస్థంగా బూడిదరంగులో ఉంటుందనుకుని లెక్క వేసుకోవడమే దాని అలవాటు. 18 శాతం బూడిద అంటారు దాన్ని, ఫిల్మ్ రోజుల నుంచీ ఉన్న లెక్కే. చెట్లు, గోడలు, మనుషులు కలిసి ఉన్నప్పుడు ఆ లెక్క బాగానే సరిపోతుంది. కొత్తగా పడ్డ మంచేమో తన మీద పడ్డ వెలుగులో 80 నుంచి 90 శాతం దాకా వెనక్కి కొట్టేస్తుంది, దాంతో కెమెరా హడలిపోయి ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు, తగ్గించేస్తుంది, నీకు మురికి దుప్పటి లాంటి మంచు చేతికొస్తుంది. కాబట్టి ఇక్కడ దాని మాట వినకు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా వేసుకున్న ఆ లెక్కని మనం పెంచే, తగ్గించే సెట్టింగు, ప్లస్ ఒకటి దగ్గర మొదలుపెట్టు, ఎండ బాగా ఉండి ఫ్రేమంతా మంచే అయితే ఒకటిన్నర, ఒక్కోసారి రెండు దాకా కూడా పోవచ్చు. ఫోన్‌తో తీసేటప్పుడు తెర మీద వేలు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరుపు, అంతే.

అలాగని పెద్దమ్మ చెప్పింది కదా అని ఎడాపెడా పెంచెయ్యకు. మంచుకి ఒక గరుకు ఉంటుంది, ఉప్పు రాశి పోసినట్టు, అది కనిపించినంతవరకే పెంచాలి. ఒకసారి అది ఉత్త తెల్లకాగితం అయిపోయిందంటే ఎడిటింగ్‌లో ఎంత గింజుకున్నా తిరిగిరాదు. ఎండలో కెమెరా వెనక తెర చూసి "బాగుంది" అనుకోవడం వట్టి భ్రమ, ఆ మెరుపులో ఏదీ సరిగ్గా కనపడదు. హిస్టోగ్రామ్ ఆన్ చేసుకో, ఫొటోలో చీకటి ఎంతుందో ఎడమవైపు, వెలుగు ఎంతుందో కుడివైపు గీసి చూపించే బొమ్మ అది. అందులో ఆ గుట్ట కుడివైపుకి జరిగి ఉండాలి కానీ గోడకి గుద్దుకోకూడదు. వీలైతే రా ఫైల్‌లో, అంటే కెమెరా తన మార్పులు చెయ్యకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌లో, తియ్యి, మంచు విషయంలో అది నిన్ను చాలాసార్లు కాపాడుతుంది.

సరే, ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఆ నలభై రెండింట్లో చాలావాటికి నీలం తీసేశావు, నాకు తెలిసిపోయింది. మంచు మీద నీడలు నీలంగా వస్తున్నాయని స్లయిడర్ పట్టుకుని తెల్లగా అయ్యేదాకా లాగావు. నేనూ అదే చేశాను, ఒకటి రెండేళ్లు కాదు, బోలెడంత కాలం. పగలు ఎండ పడ్డ చోట మంచు తెల్లగా ఉంటుంది, నీడలోకి ఎండ రాదు కాబట్టి అక్కడికి వెలుగిచ్చేది పైనున్న నీలాకాశమే, అందుకే నీడ నీలంగా ఉంటుంది. అది కెమెరా పొరపాటు కాదు, అక్కడ ఉన్నదే అది. మన కళ్లే సర్దుకుపోయి తెల్లగా చూపిస్తాయి.

ఒకసారి సాయంత్రం పూట మా పెరటి వైపు నుంచి ఒక ఫొటో తీశాను. చీకటి పడుతోంది, మంచంతా గాఢమైన నీలం, మధ్యలో వంటింటి కిటికీ ఒక్కటి పసుపుపచ్చగా వెలుగుతోంది, లోపల మీ పెదనాన్న వెనక్కి తిరిగి ఏదో కడుగుతున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని "మంచు అంటే తెల్లగా ఉండాలి కదా" అని వైట్ బ్యాలెన్స్, అంటే ఫొటోలో నీలం పసుపుల పాళ్లు మార్చే సెట్టింగు, తిప్పీ తిప్పీ తెలుపు చేశాను. చేశాక చూస్తే కిటికీ ముదురు నారింజ మరకలా తయారైంది, ఆ వెచ్చదనం ఎటు పోయిందో! మళ్లీ నీలం వెనక్కి తెచ్చాక కానీ ఆ ఇంట్లోకి పోయి కూర్చోవాలనిపించలేదు. చుట్టూ చలి కనపడితేనే బుజ్జీ, లోపలి వేడి కనపడేది. మంచులో రంగు అని నువ్వు వెతుకుతున్నది ఈ రెండిటి మధ్యే ఉంటుంది.

అందుకని వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకు, ప్రతి ఫొటోకీ ఒక్కో రంగు తేల్చి చివరికి అన్నిటినీ చప్పగా చేస్తుంది. పగటి వెలుగు గుర్తు మీద, అంటే 5500 కెల్విన్ దగ్గర, పెట్టి వదిలెయ్. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలతలే, అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలం. ఇంట్లో పసుపు బల్బు 2700, 3000 అలా ఉంటుంది, నీలాకాశం కింది నీడ 7000 దాటుతుంది. నువ్వు మధ్యలో నిలబడితే అటు నీలం నీలంగానూ ఇటు పసుపు పసుపుగానూ పడతాయి. మనుషుల మొహాలు మరీ నీలంగా వస్తే అప్పుడు కొంచెం సర్దుకో, మొహం వరకే.

ఇక టైము. మిట్టమధ్యాహ్నం తీసినవి పద్దెనిమిది ఉన్నాయి నువ్వు పంపినవాటిలో, లెక్కపెట్టాను. ఆ టైములో నేనైతే కెమెరా ముట్టుకోను. పొద్దున సూర్యుడు కిందగా ఉన్నప్పుడు వెలుగు పక్కనుంచి పాకుతూ వస్తుంది, మంచు మీద ప్రతి చిన్న గుంటకీ ఒక నీడ పుడుతుంది, గాలి గీసిన గీతలన్నీ లేచి కనపడతాయి, ఎండ పడ్డ వైపు లేత గులాబీ, బంగారం, నీడ వైపు నీలం. సాయంత్రమైతే సూర్యుడు దిగిపోయాక ఇంటికెళ్లిపోకు. అప్పటి నుంచి ఒక పావుగంటకో ఇరవై నిమిషాలకో ఆకాశం వెలుగూ ఇంట్లో దీపాల వెలుగూ దాదాపు సమానమయ్యే ఘడియ ఒకటి వస్తుంది, ఎక్కువసేపు ఉండదు. ముందు తీస్తే కిటికీ వెలగనట్టే ఉంటుంది, తర్వాత తీస్తే చుట్టూ నల్లటి చీకటి. రెండేసి నిమిషాలకి ఒకటి నొక్కుతూ ఉండు, ఏదో ఒకటి దొరుకుతుంది. ట్రైపాడ్ తప్పదు దీనికి.

రంగు ఎంతుండాలి అని అడిగావు. చాలా తక్కువ. ఫ్రేములో ఒక్క చోట, చిటికెడు. తెలుపు మధ్యలో చిన్న ఎరుపు ఉంటే కన్ను పరిగెత్తుకుంటూ అక్కడికే పోతుంది, నాలుగు రంగుల కోట్లు నలుగురు వేసుకుని నిలబడితే ఎటు చూడాలో తెలీక తిరిగొచ్చేస్తుంది. సాల్ లైటర్ అని ఒకాయన ఉండేవాడు, 2013లో పోయాడు, న్యూయార్క్ వీధుల్లో మంచు పడుతుంటే మసకేసిన అద్దాల వెనక నుంచీ, గుమ్మాల సందుల్లోంచీ తీసేవాడు, అదీ 1950ల్లో, రంగు ఫొటోలంటే ఫొటోగ్రఫీలో పేరున్నవాళ్లు చిన్నచూపు చూసే రోజుల్లో. ఫ్రేములో సగానికి పైగా తెలుపో మసకో ఉంటుంది, ఎక్కడో ఒక ఎర్ర గొడుగు. దొరికితే అవి చూడు, నా ఉత్తరం కన్నా ఎక్కువ నేర్పుతాయి.

ఎరుపే ఉండాలని కూడా లేదు. తుప్పు పట్టిన గేటు, మంచులోంచి తల బయటపెట్టిన ఎండుగడ్డి నిండా ఉన్న ఆ లేత బంగారు రంగు, తడిసిన చెట్టు బెరడు. బెరడు తడిస్తే ఎంత ముదురు రంగు తేలుతుందో ఎప్పుడైనా గమనించావా, పొడిగా ఉన్నప్పుడు ఏ రంగూ లేనట్టుంటుంది. ఇవి దొరికినప్పుడు శాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచే పనే ఉండదు. నువ్వు పెంచావు, ముప్ఫయ్యో ఫొటోలో ఆ చెక్క బల్ల ప్లాస్టిక్ బల్లలా మెరుస్తోంది.

మంచు పడుతున్నప్పుడు తీసేవాటికి ఎక్కువ చెప్పేది లేదు. వెనక ఏదైనా ముదురుగా ఉండాలి, చెట్టో గోడో, తెల్లాకాశం ముందు తెల్లమంచు కనపడదు. షట్టర్ 1/500 సెకను పెడితే ఎక్కడి మంచురేకు అక్కడ ఆగిపోతుంది, 1/30, 1/60 పెడితే గీతల్లా జారతాయి. ఫ్లాష్ వేస్తే దగ్గరి రేకులు తెల్లటి పెద్ద బంతుల్లా వస్తాయి, కొందరికి ఇష్టం, నాకు కాదు. ఆటోఫోకస్ ఆ రేకుల వెంట పరిగెడుతుంటే మనిషి కోటు అంచు మీద ఫోకస్ పట్టి లాక్ చెయ్.

ఒక్కో రేకుని దగ్గరగా తీయాలని సరదా ఉంటే నీ నల్ల ఉన్ని చేతొడుగు చాలు. దాని మీద రేకు వాలగానే ఊపిరి పక్కకి వదులుతూ నొక్కెయ్యాలి, మీదకి వదిలావంటే కరిగిపోతుంది. విల్సన్ బెంట్లీ అని అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక రైతు 1885 జనవరిలో మైక్రోస్కోపుకి కెమెరా బిగించి ఒక్క రేకుని ఫొటో తీశాడు, తర్వాత జీవితమంతా తీస్తూ ఐదు వేలు దాటించాడు. ఆయనా రేకుల్ని నల్లటి పలక మీదే పట్టేవాడు. అంత ఓపిక నాకు లేదమ్మా, నాలుగు తీసేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి.

వేళ్లంటే గుర్తొచ్చింది. బ్యాటరీలు చలికి తొందరగా చచ్చిపోతాయి, నిజానికి చచ్చిపోవు, లోపలి రసాయన చర్య మందగిస్తుంది అంతే, మళ్లీ వెచ్చబడితే కొంత కోలుకుంటాయి. ఒకటి కెమెరాలో, ఇంకొకటి లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకుని మార్చుకుంటూ ఉండు. దీనికన్నా ముఖ్యమైనది తిరిగి ఇంట్లోకి వచ్చేటప్పుడు. నేను ఒకసారి గంటన్నర చలిలో తిరిగొచ్చి, ఆత్రం కొద్దీ వెచ్చటి గదిలో కెమెరా తెరిచి కార్డు తీశాను. చల్లటి సీసా బయట పెడితే నీళ్లు పట్టినట్టు కెమెరా ఒళ్లంతా, లెన్సు లోపల కూడా చెమ్మ పట్టేసింది. బాగుచేసే ఆయన మొహం అదోలా పెట్టి తల అడ్డంగా ఊపాడు. అప్పటి నుంచి బయటే కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, మూసి అప్పుడు లోపలికి తెస్తాను, గంటా రెండు గంటలు దాన్ని ముట్టుకోను. కార్డు కావాలంటే అదీ బయటే తీసుకో.

ఇంక నువ్వు రాసిన రెండో మాట, "చూడగానే ఆ రోజు గుర్తు రావాలి" అన్నది. దానికి సెట్టింగు లేదు, నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తా. మీ అమ్మమ్మ మొట్టమొదటిసారి మంచు చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను, చేతిలో కెమెరా కూడా ఉంది. కొమ్మల నిండా మంచు మోస్తున్న చెట్టు ఒకటి ఎదురుగా ఉంటే దాన్ని పట్టుకుని వేలాడాను, ట్రైపాడ్ అటు జరిపి ఇటు జరిపి పంతొమ్మిది తీశాను. అమ్మ గుమ్మంలో ఆవపసుపు శాలువా కప్పుకుని, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి, అరచెయ్యి చాపి నిలబడింది. రేకు వాలడం, కరగడం, ఆ నీటి చుక్కని బొటనవేలితో తుడిచి మళ్లీ చెయ్యి చాపడం. ఎంతసేపు చేసిందో. ఒక్క ఫొటోలో పడింది, అదీ అంచున, భుజం సగం తెగి. ఆ చెట్టు ఫొటోలు ఎక్కడున్నాయో కూడా నాకు ఇప్పుడు తెలీదు, ఆ తెగిపోయిన ఫొటో మా హాల్లో ఉంది, నువ్వూ చూశావు.

అందుకే అంటున్నా, చెట్టు రేపు కూడా అక్కడే ఉంటుంది, ముందు మనుషుల్ని చూసుకో. పోజు ఇవ్వమనకు, చలిలో పోజు ఇస్తే మొహాలు బిగుసుకుపోతాయి. ఏదో పనిలో ఉన్నప్పుడు తియ్యి, దారి మీద మంచు తోస్తున్నప్పుడు, ఒకళ్లకి ఒకళ్లు మఫ్లర్ సర్దుకుంటున్నప్పుడు. నోట్లోంచి వచ్చే ఆవిరి పట్టాలంటే వెలుగు వాళ్ల వెనక ఉండాలి, దాని వెనక ముదురుగా ఉండాలి. లోపలికొచ్చాక కూడా ఆపకు. గుమ్మం దగ్గర వరసగా విడిచిన బూట్లు, వాటి కింద చేరిన నీళ్ల మడుగులో పడ్డ దీపం నీడ, హీటర్ మీద ఆరేసిన ఐదారు చేతొడుగుల్లో ఒకదానికి జత లేకపోవడం, ఇవన్నీ మంచు ఫొటోలే. ఇంకోటి, ఎవరూ తొక్కని మంచులోకి నడిచే ముందు ఒక్క నిమిషం ఆగు. తొక్కితే తిరిగి సరిచెయ్యలేవు. కానీ పిల్లలు ఉంటే ఆగమనకు, వాళ్లని పరిగెత్తనియ్యి, ఆ అడుగుల వరసే నీకు మంచి ఫొటో.

ఇప్పుడు పదకొండో ఫొటో. కుడివైపు మూలలో నీ కొడుకు ఎర్ర చేతొడుగు లెన్సుకి అడ్డం వచ్చి మసగ్గా పడింది, దాని వెనక నీలం నీడలో వాడి తండ్రి మంచులో జారి కూర్చుండిపోయి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, ఫోకస్ కూడా సరిగ్గా లేదు. దాన్ని ఏమీ సరిచెయ్యకుండా, నీలం కూడా తియ్యకుండా, పెద్ద సైజు ఫైల్ నాకు పంపు. హాల్లో మీ అమ్మమ్మ ఫొటో పక్కన మేకు కొట్టి ఉంచమని మీ పెదనాన్నకి ఇప్పుడే చెప్పాను.

మీ పెద్దమ్మ