సిమెంటు జోలికి వెళ్లకు

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీలో, లూబెక్ పాతపట్నంలో మీరు కొన్న ఇంటి ఫొటోలు చూశాను. చెమ్మెక్కిన కింది గోడకు సిమెంటు పూత వేయిద్దామని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు.

1276 అగ్నిప్రమాదం తర్వాత ఆ ఊళ్లో ఇళ్లు ఇటుకతోనే కట్టాలన్నారు. సుమారు 28 సెంటీమీటర్ల పొడవుండే ఆ పెద్ద ఇటుకలు మెత్తనివి. నేలలోంచి ఎక్కిన తడి సున్నపు గార సందుల్లోంచి ఆరిపోతూ ఉంటుంది. పైన సిమెంటు మెత్తితే ఆ దారి మూసుకుపోయి తడి ఇంకా పైకి పాకుతుంది. అది తెచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకడుతుంది, చలికాలంలో లోపలి నీరు మంచుగా గడ్డకట్టి ఉబ్బుతుంది. సిమెంటు గట్టిగానే ఉంటుంది, ఇటుకే పెచ్చులూడిపోతుంది.

ముందు గట్టర్, వాననీటి గొట్టం చూడు. చాలాసార్లు చెమ్మ అక్కడినుంచే. ఆ తర్వాత, పొడిపొడిగా రాలుతున్న గారను ఉలీ సుత్తీతో చేత్తోనే తీయించు. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు కోసుకుపోతాయి. సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 2 సెంటీమీటర్లు తీయాలి. దుమ్ము కడిగి, ఇటుక నీళ్లు పీల్చుకుని పైన మెరుపు పోయాక కొత్త గార కూరాలి. సహజ హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే రకం), అందులోనూ తక్కువ గట్టిది, ఒక పాలు. కడిగిన గరుకు ఇసుక రెండున్నర పాళ్లు. లోతైన సందును ఒకేసారి నింపనివ్వకు. తడి గోనెపట్టా కప్పి వారం రోజులైనా తడి నిలపాలి, త్వరగా ఆరితే బీటలే. రాత్రిళ్లు 5 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో ఈ పని వద్దు.

లోపలి సున్నం పొరలు గీకించకు. ఆ ఊరి వర్తకుల ఇళ్లలో పాత కుడ్యచిత్రాలు వాటి కిందే దొరుకుతుంటాయి. రెస్టారర్, అంటే పాత చిత్రాలు బాగుచేసే నిపుణుడు, చిన్న కత్తితో అరచేయంత మేర తెరిచి చూశాకే ఏదైనా. దూలాల కొసలు గోడలోకి దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు. సులువుగా దిగితే కుళ్లినట్టే. దూలమంతా మార్చక్కర్లేదు, చెడిన మేర కోసి అదే జాతి చెక్క అతికిస్తారు. కిటికీలకు అవిసె నూనె పుట్టీ, అవిసె నూనె రంగు చాలు.

వీధివైపు ఎత్తైన హాలు, అక్కడివాళ్లు డీలె అంటారు, దాన్ని గదులుగా విడగొట్టకు. సరుకు దింపుకున్న చోటది. ఇంటికి ప్రాణం అదే. 1942 బాంబుదాడిలో అలాంటివి ఎన్నో పోయాయి.

పన్ను సంగతి. వారసత్వ కట్టడంగా రక్షణ ఉండి, మీరే ఉండే ఇంటికి, ఆమోదించిన మరమ్మతు ఖర్చులో ఏటా 9 శాతం చొప్పున పదేళ్లు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అయితే పని మొదలెట్టకముందే నగర డెంక్‌మాల్‌ఫ్లేగె (వారసత్వ కట్టడాల రక్షణ) ఆఫీసుతో అన్నీ కుదుర్చుకోవాలి. మొదలెట్టాక అడిగితే ఆ రాయితీ రాదు. బిల్లులు పనివారీగా రాయించుకో. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేది అనుమతి కాగితం చేతికొచ్చాకే.

మీ బాబాయి