సిలిండర్‌ను కూడా తూకం వేయండి

ప్రశ్న: మ్యాపింగ్‌కి వాడే నా ఆరు కిలోల క్వాడ్‌కాప్టర్ 25 నిమిషాలకే దిగిపోతోంది. హైడ్రోజన్‌లో బ్యాటరీ కన్నా వంద రెట్లకు పైగా శక్తి ఉంటుందని చదివాను. ఫ్యూయెల్ సెల్ పెడితే గంటలకొద్దీ ఎగరదా? పేలుతుందేమోనని టెన్షన్ కూడా ఉంది.

జవాబు: చదివింది నిజమే. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉంటుంది. లిథియం బ్యాటరీ కిలోకి పావు యూనిట్ ఇస్తే గొప్ప. కానీ హైడ్రోజన్‌ని సంచిలో పోసుకుని వెళ్లలేం కదా! హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు తీసేది ఫ్యూయెల్ సెల్, అలాంటివి వరసగా పేర్చితే స్టాక్. ఈ స్టాక్‌లను బెంచ్ మీద పరీక్షించడమే నా పని. నేను ముందు నమ్మేది తూకాన్నే.

ఏడు లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో నింపినా పట్టేది సుమారు 140 గ్రాములు. సిలిండర్ మాత్రం మూడు కిలోల దాకా తూగుతుంది. రెగ్యులేటర్, స్టాక్, ఫ్యాన్లు కలిపితే మొత్తం ఏడు కిలోలనుకోండి. గ్యాస్‌లోని శక్తిలో దాదాపు సగం వేడిగా పోతుంది కాబట్టి చేతికొచ్చేది 2.3 యూనిట్లు. అదే ఏడు కిలోల బ్యాటరీ ఒకటిన్నర యూనిట్లు ఇస్తుంది. వంద రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లయింది. పైగా మీ డ్రోన్ బరువే ఆరు కిలోలు!

చిన్న బ్యాటరీ ఎలాగూ ఉండాల్సిందే. గాలి విసురుకి మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఫ్యూయెల్ సెల్ అంత త్వరగా అందుకోలేదు. మొదట్లో బరువు కలిసొస్తుందని నేనా బ్యాటరీ తీసేశాను. థ్రాటిల్ తోయగానే వోల్టేజ్ పడిపోయి కంట్రోలర్ రీసెట్ అయింది. బెంచ్ మీద కాబట్టి సరిపోయింది, గాల్లో అయితే ముక్కలు ఏరుకునేవాణ్ణి.

విమానంలాంటి రెక్కల డ్రోన్ సంగతి వేరు. దానికి తక్కువ వాట్లు చాలు, చిన్న స్టాక్‌తో పనైపోతుంది. ఎక్కువ గంటలు కావాలంటే గ్యాస్, సిలిండర్ పెంచితే చాలు. అమెరికా నేవల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ వాళ్ల అయాన్ టైగర్ 550 వాట్ల ఫ్యూయెల్ సెల్‌తో 2009లో 26 గంటలు ఎగిరింది. 2013లో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌తో 48 గంటలు. మీరు మాత్రం ఇంకో సెట్ బ్యాటరీలు కొనుక్కోండి.

ఇక భయం. గాలిలో 4 శాతం చేరితే చాలు, హైడ్రోజన్ అంటుకుంటుంది. మంట పగటిపూట సరిగా కనపడదు, వాసనా ఉండదు. వంటగ్యాస్‌లో లాగా గంధకపు వాసన కలిపితే స్టాక్‌లోని ప్లాటినం పాడవుతుంది. అందుకే నేను ఆరుబయటే నింపుతాను, ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి బుడగలు చూస్తాను.

ప్రశ్న: హైడ్రోజన్ డ్రోన్ నుంచి నీళ్లు కారతాయట, నిజమేనా?

జవాబు: గ్రాము గ్యాస్‌కి తొమ్మిది గ్రాముల నీరు. ఎక్కువగా ఆవిరై పోతుంది. పైన చెప్పిన 140 గ్రాముల గ్యాస్ నుంచి వచ్చే నీటినంతా పట్టి దాచుకుంటే, డ్రోన్ దిగేసరికి ఎగిరినప్పటికన్నా కిలోకి పైగా బరువెక్కుతుంది!