సమాధానం: ఒక రోగిని తీసేస్తే పరీక్ష ఎందుకు విఫలమవుతోంది

నమస్కారం. డిఫరెన్షియల్ ప్రైవసీ (ఏ ఒక్కరి వివరాలు ఉన్నా లేకున్నా ఫలితం పెద్దగా మారకుండా చూసే గోప్యతా పద్ధతి) కోసం ఆసుపత్రి సందర్శనల మొత్తం లెక్కకు ఎప్సిలాన్ (గోప్యతా నష్టానికి హద్దు) 1, స్కేల్ (నాయిస్ విస్తృతి) 1తో లాప్లాస్ నాయిస్ (యాదృచ్ఛిక సంఖ్య) కలిపినా, ఒక రోగి వివరాలన్నీ తొలగించి పోల్చినప్పుడు ఒకే ఫలితం వచ్చే సంభావ్యతల నిష్పత్తి, ఎప్సిలాన్ 1 అనుమతించే 2.72ను (e¹) బాగా దాటుతోందని మీరు రాశారు. మీ పరీక్ష సరైనదే. తప్పు సెన్సిటివిటీలో, అంటే ఒకరిని తీసేస్తే లెక్క గరిష్ఠంగా ఎంత మారుతుందన్న అంచనాలో ఉంది. మీరు డేటాలోని ఒక్క వరుసను (ఒక సందర్శనను) కాపాడుతున్నారు, కాపాడవలసింది మనిషిని. ఆరుసార్లు వచ్చిన రోగిని తీసేస్తే లెక్క 6 మారుతుంది కాబట్టి, ఆ నిష్పత్తి దాదాపు 403 (e⁶) వరకు వెళ్లగలదు.

లెక్కించే ముందే ఒక్కొక్కరి నుంచి యాదృచ్ఛికంగా గరిష్ఠంగా 3 సందర్శనలే ఉంచి, స్కేలును 3 చేయండి. మొత్తం కొంత తగ్గి కనిపిస్తుంది, ప్రామాణిక విచలనం సుమారు 4.24 అవుతుంది, ఆ మేరకు కచ్చితత్వాన్ని వదులుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం. అయితే ఆ 3 అనే పరిమితిని ఇదే డేటాను చూసి నిర్ణయించకండి.

తర్వాత ఆ రోగి ఉన్న, లేని రెండు డేటాసెట్లపైనా లక్షసార్లు నడిపి మళ్లీ పోల్చండి. పరీక్ష నెగ్గినంత మాత్రాన గోప్యత రుజువైనట్లు కాదు: సాధారణ ఫ్లోటింగ్ పాయింట్ (కంప్యూటర్ దశాంశ సంఖ్యల) నాయిస్‌లోని చివరి బిట్లు అసలు విలువను బయటపెట్టగలవని 2012లో పరిశోధకుడు ఇల్యా మిరొనోవ్ చూపించారు. అందుకే సొంత కోడ్ విద్యార్థులకు బోధించడానికే ఉంచి, వాస్తవ వినియోగానికి ఓపెన్‌డీపీ వంటి డిఫరెన్షియల్ ప్రైవసీ కోడ్ లైబ్రరీని తీసుకోండి. ఇదే లెక్కను రోజూ ప్రచురిస్తే, ఎప్సిలాన్‌లు కూడుకుంటూ 30 రోజుల్లో 30కి చేరతాయి.