మా వాడికి ఎన్డీఏ కావాలి, కానీ నలుగురితో పడదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా బాబు తొమ్మిదో తరగతి. లెక్కలు బాగా వచ్చు, సైనికాధికారులను తయారుచేసే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో చేరతానంటాడు. కానీ నలుగురితో పడదు. క్రికెట్‌లో అవుటైతే బ్యాట్ విసిరేసి ఇంటికొచ్చేస్తాడు. తన ఒడియా విని ఎవరైనా నవ్వితే చెయ్యి చేసుకుంటాడు. నెలకోసారి బడి నుంచి ఫోన్ వస్తోంది. ఆటలు మాన్పించి ఇప్పట్నుంచే కోచింగ్‌లో పెడదామని మావారు అంటున్నారు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులకు పంపితే మేలేమోనని నాకు అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆటలు మాత్రం మాన్పించకండి. మీవారికి ఒక లెక్క చూపించండి. ఎన్డీఏ రాతపరీక్షకు 900 మార్కులు. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600. అది దాటాక ఎస్సెస్బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు మళ్ళీ 900. పేరుకు ఇంటర్వ్యూ గానీ అది అయిదు రోజులు సాగుతుంది, అందులో చాలా పరీక్షలు మైదానంలోనే. కుర్రాళ్ళను ఒక గ్రూపుగా చేసి, ఒక చెక్కపలక, ఒక దుంగ, ఒక తాడు చేతికిచ్చి, నేల తాకకుండా అందరూ అవతలికి దాటాలంటారు. ఎలా దాటాలో చెప్పరు. నాయకుడు ఎవరో కూడా చెప్పరు. ఆఫీసరు పక్కన నిలబడి చూస్తుంటారంతే. పలక ఎక్కడ వెయ్యాలో మీ బాబుకే ముందు తట్టొచ్చు. తన మాట ఎవరూ వినలేదని అలిగి పక్కకొచ్చేస్తే మాత్రం ఆ తెలివికి అక్కడ మార్కులు పడవు.

క్లాసుల సంగతి. నాలుగేళ్ళ క్రితం ఇలాంటి కుర్రాణ్ణే నేను ఒక వేసవి క్లాసుకు పంపాను. కరచాలనం ఎలా చెయ్యాలో, అద్దం ముందు ఎలా నిలబడాలో నేర్పారు. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టి వచ్చాడు. స్నేహితుడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. ఆ సలహా ఇచ్చినందుకు నాకిప్పటికీ బాధే. కుర్చీలో కూర్చుని విన్న మాట, ఓడిపోయి ఒళ్ళు మండుతున్నప్పుడు గుర్తుకు రాదు.

మీవాడికి నేను చెప్పే ఆట ఖోఖో. క్రికెట్ కూడా జట్టు ఆటే గానీ బ్యాటు పట్టుకున్నంతసేపు వాడొక్కడే, అవుటైతే అందరి కళ్ళూ వాడి మీదే. ఖోఖోలో వెంటాడే జట్టు తొమ్మిది మంది. ఎనిమిది మంది వరసగా, ఒకరు ఇటు తిరిగి ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. తరిమేవాడు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, మధ్యగీత దాటకూడదు. అవతలి వైపు ఉన్నవాణ్ణి పట్టుకోవాలంటే ఆ వైపు తిరిగి కూర్చున్నవాడి వీపు తట్టి, ‘ఖో’ అని, వాడి చోట తను కూర్చోవాలి. ఎంత వేగంగా పరిగెత్తేవాడైనా తన వంతు ఇంకొకరికి ఇవ్వక తప్పదు.

గుణుపురంలో ఒక సాయంత్రం చూశాను. ఒక పిల్లాడు ఎవరికీ ఖో ఇవ్వకుండా స్తంభాల చుట్టూ ఒక్కడే తిరిగి తిరిగి ఆయాసంతో వంగిపోయాడు. కూర్చున్నవాళ్ళు వీపు చూపిస్తూ ‘ఇవ్వరా, ఇవ్వరా’ అని అరుస్తున్నారు. మాస్టారు తిట్టలేదు. ‘ఇకనుంచి పది అడుగుల్లో ఖో ఇవ్వాలి’ అని ఆ రోజుకో నియమం పెట్టారంతే. మూడోసారికి ఆ పిల్లాడు తట్టి కూర్చున్నాడు, వాడు లేపినవాడు అవుట్ చేశాడు. కూర్చున్నచోటే ఈ పిల్లాడు రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. ఆ అరుపు కోసమే మీవాణ్ణి పంపమంటున్నాను.

భాష గొడవకు కూడా ఇది మందే. ఆటలో అక్కరకొచ్చేది ‘ఖో’ అన్న ఒక్క మాట, దాన్ని ఎవరు పలికినా ఒకటే. ఒడియా తప్పొస్తుందన్న టెన్షన్ లేకుండా నెల రోజులు ఆ పిల్లలతో పరిగెత్తితే మాట దానంతటదే వస్తుంది. అందుకే మన తెలుగువాళ్ళ పిల్లల జట్టులోనే పెట్టకండి. 2022లో అల్టిమేట్ ఖోఖో అనే లీగ్ మొదటి ఫైనల్లో ఒడిశా జగ్గర్‌నాట్స్ మన తెలుగు యోధాస్‌ను 46-45తో ఓడించింది. ఆ ఒక్క పాయింటు కథ వాడికి చెప్పండి. రెండు జట్లూ వాడివే కదా.

క్లాసు టీచరుగారితో కూడా మాట్లాడండి. 1969లో అమెరికాలోని కేన్సస్ నుంచి ముగ్గురు పరిశోధకులు ఒక పద్ధతి ప్రచురించారు, గుడ్ బిహేవియర్ గేమ్ అంటారు. తరగతిని రెండు జట్లు చేస్తారు. ఎవరైనా నియమం తప్పితే ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత. గీతలు అయిదు దాటకపోతే రెండు జట్లూ గెలిచినట్టే, బహుమతి కాస్త ఆటసమయం లాంటిది. ఖర్చు లేదు, సుద్దముక్క చాలు. ఒక్క జాగ్రత్త: నీవల్లే గీత పడిందని పిల్లలు ఒకణ్ణే వేధించకుండా టీచరు చూసుకోవాలి. మీవాడి విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఇంట్లో ఆదివారం అష్టాచెమ్మా వెయ్యండి, తండ్రీకొడుకులు ఒక జట్టుగా. ఓడినప్పుడు మీవారు ఏమంటారో, మొహం ఎలా పెడతారో వాడు చూస్తాడు. ఆటనుంచి వచ్చాక ‘గెలిచావా’ అని కాక ‘ఇవాళ ఎవరికి ఖో ఇచ్చావ్’ అని అడగండి.

మూడు నాలుగు నెలలైనా చెయ్యి చేసుకోవడం తగ్గకపోయినా, తనకు తాను హాని చేసుకునే మాటలు ఒక్కసారి విన్నా, ఆటలతో ఆగకండి. బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. పరువు సంగతి పక్కన పెట్టండి.

ఇక కోచింగ్. ఎన్డీఏలో కోర్సు మొదలయ్యేనాటికి కనీసం పదహారున్నరేళ్ళు నిండాలి, పరీక్ష రాయడానికి పన్నెండో తరగతిలోనైనా ఉండాలి. కాబట్టి తొందరేం లేదు, పది అయ్యాక ఆలోచించొచ్చు. అప్పుడు విశాఖో బరంపురమో హాస్టల్ చూడ్డానికి మీవారు పొద్దున్న ఆఫీసు టైములో కాకుండా సాయంత్రం అయిదింటికి వెళ్ళాలి. ఆ వేళకు పిల్లలు మైదానంలో ఉన్నారో గదుల్లో ఉన్నారో చూసి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.