జీవ పరిణామం చదువుతానంటున్న అమ్మాయి, నీట్ అంటున్న తండ్రి

రాయగడ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన వారి అమ్మాయి సైన్సుతో ప్లస్ టూ పూర్తి చేసింది. మొదటిసారి రాసిన నీట్‌లో సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. విశాఖపట్నంలో లాంగ్ టర్మ్ కోచింగులో చేర్పిస్తే, కొద్ది కాలానికే తనకు డాక్టరు చదువు వద్దని, బరంపురంలోని కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ చేసి జీవ పరిణామం మీద పరిశోధన చేస్తానని అంటోంది. తండ్రిగారు ఎందుకైనా మంచిదని విశాఖలోనే ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ బయోటెక్నాలజీ సీటు మాట్లాడి ఉంచారు. ఈ రెండింటినీ పోల్చి చెప్పమన్నారు. చివరగా ఇలా రాశారు: "బలమైనవే బతుకుతాయని డార్వినే చెప్పాడు కదా. ఈ పోటీలో మా అమ్మాయి నిలబడలేకపోయింది. ఇక ఆ సిద్ధాంతం చదివి ఏం చేస్తుంది?"

అయ్యా, పోలిక గురించి తప్పకుండా రాస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ చివరి మాట. ఇదే మాట వేర్వేరు రూపాల్లో ఎంతోమంది తల్లిదండ్రుల నోట విన్నాను కనుక ముందు దానికే సమాధానం చెబుతాను.

డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం (నేచురల్ సెలెక్షన్) బలవంతుల పందెం కాదు. 1858లో డార్విన్, ఇదే ఆలోచనకు విడిగా వచ్చిన వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, ఇద్దరి వ్యాసాలూ లండన్‌లోని లినియన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో కలిపి చదివినప్పుడు బయటికి వచ్చిన ఆలోచన ఇది: ఒకే జాతి జీవులన్నీ ఒకేలా ఉండవు, ఆ తేడాలలో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి, ఉన్న పరిసరాలలో ఏ తేడా వల్ల ఎక్కువ సంతానం బతికి బట్టకడుతుందో ఆ తేడా తరతరానికీ ఆ జనాభాలో పెరుగుతూ పోతుంది. ఇందులో ఎక్కడా కండబలం ప్రసక్తి లేదు, ఎవరో కూర్చుని ఎంపిక చేయడమూ లేదు. పైగా ఏ ఒక్క జీవీ తన జీవితకాలంలో పరిణామం చెందదు, తరాల మీదుగా మారేది జనాభా.

దీనికి ఉదాహరణ కోసం మీరు దూరం వెళ్లనవసరం లేదు. రాయగడ, కొరాపుట్ జిల్లాల ఊళ్లలో మలేరియా కోసం గోడలకు మందు కొట్టడం మీరు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. అలా కొట్టిన డీడీటీ మందుకు దోమలు లొంగడం మానేసినప్పుడు "దోమలు మందుకు అలవాటు పడ్డాయి" అని అందరూ అనేవారు. నిజానికి ఏ దోమా అలవాటు పడలేదు. గోడ మీద వాలిన దోమలలో చాలా భాగం చచ్చిపోయాయి. మందును తట్టుకునే జన్యువు యాదృచ్ఛికంగా ముందే ఉన్న కొద్దిపాటి దోమలు మాత్రం బతికి గుడ్లు పెట్టాయి, ఆ గుడ్ల నుంచి వచ్చిన వాటిలో ఆ జన్యువు ఉన్నవే ఎక్కువయ్యాయి. మందు ఆ జన్యువును పుట్టించలేదు, అది లేనివాటిని తొలగించిందంతే. మందు కొట్టని చోట ఆ దోమలకు ప్రత్యేకమైన లాభమేమీ లేదు, కొన్నిసార్లు నష్టం కూడా ఉండవచ్చు.

ఇంతకన్నా లోతైన ఉదాహరణ మన రక్తంలోనే ఉంది. దక్షిణ ఒడిశా నుంచి గడ్చిరోలి దాకా ఉన్న ఆదివాసీ ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధి ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందో ఆలోచించండి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. దాన్ని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారితే, ఆ ప్రోటీన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరొకటి వచ్చి చేరుతుంది. ఆ మారిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటాయి, బిడ్డకు భరించలేని నొప్పులు వస్తాయి. ఇంత హాని చేసే జన్యువు ఎప్పుడో కనుమరుగై ఉండాలి కదా? ఒక్కరి నుంచే వచ్చినవారికి సాధారణంగా ఆ వ్యాధి రాదు, అంతేకాక ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకం మలేరియా నుంచి గణనీయమైన రక్షణ కూడా దొరుకుతుంది. ఈ సంగతిని ఆంథొనీ ఆలిసన్ అనే వైద్య శాస్త్రవేత్త 1954లో తూర్పు ఆఫ్రికాలోని పరిశీలనలతో చూపించాడు. మలేరియా ఉన్న నేలలో ఆ జన్యువుకు నష్టంతోపాటు లాభమూ ఉంది కనుక అది నిలిచిపోయింది. మలేరియా లేని నగరంలో అదే జన్యువు వల్ల మిగిలేది నష్టమే. ఇప్పుడు చెప్పండి, ఆ జన్యువు బలమైనదా, బలహీనమైనదా? పరిసరాలను పక్కన పెట్టి ఆ ప్రశ్న అడగడానికే వీలులేదు.

రక్తానికి సంబంధించిన ఇలాంటి లోపాలకు మలేరియాతో లంకె ఉండవచ్చని 1949లోనే, తలసేమియా అనే వంశపారంపర్య రక్తహీనత విషయంలో, సూచించినవాడు బ్రిటన్‌లో పుట్టిన జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన చివరి సంవత్సరాలు గడిపింది భువనేశ్వర్‌లోనే. 1962లో అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టుకుని, 1964లో అక్కడే కన్నుమూశారు, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఈ శాస్త్రం మనకు పరాయిదన్న భావన మీకుంటే, దయచేసి దాన్ని వదులుకోండి.

కాబట్టి నీట్ ర్యాంకును ప్రకృతి వరణంతో ముడిపెట్టకండి. సీట్లు తక్కువ, రాసేవారు లక్షల్లో. ఒక మార్కు దగ్గర గీత గీస్తారు, అంతే. ఒక పరీక్ష ఫలితం మీ అమ్మాయి దేనికి తగినదో చెప్పదు, ఆ మూడు గంటల ప్రశ్నలకు ఆ రోజు ఎలా జవాబిచ్చిందో మాత్రమే చెబుతుంది. "నిలబడలేకపోయింది" అన్న మాట ఆమె ఎదుట కూడా అని ఉంటే, మీరు చేసింది తప్పు. పద్దెనిమిదేళ్ల పిల్ల తనకు ఇష్టమైన శాస్త్రం పేరుతోనే కన్నతండ్రి తనను తీసిపారేయడం వింటే, ఇక మీకు మనసు విప్పి ఏమీ చెప్పదు. మీ కోపం వెనక భయం ఉందని నాకు అర్థమవుతోంది: ఈ చదువుతో అమ్మాయికి బతుకుతెరువు దొరక్కపోతే ఎలా, నలుగురిలో ఏమని చెప్పుకోవాలి. మొదటిది న్యాయమైన భయం. రెండోది మీ సమస్య, దాన్ని ఆమె భుజాల మీద పెట్టకండి.

ఇక బయోటెక్నాలజీ. పేరులో టెక్నాలజీ ఉంది కనుక ఉద్యోగం ఖాయమన్న నమ్మకం మన తెలుగు ఇళ్లలో బలంగా నాటుకుపోయింది. మందులు, బయోటెక్ కంపెనీలు ఉన్న హైదరాబాదు జీనోమ్ వ్యాలీ పేరు చెప్పి సీట్లు అమ్మే కళాశాలలకూ కొదవ లేదు. అక్కడి పరిశోధన విభాగాలు ఎక్కువగా వెతికేది ఎంఎస్సీ, పీహెచ్‌డీ చేసినవారిని, మందుల తయారీ, నాణ్యతా పరీక్షల విభాగాలు కోరేది ఫార్మసీ, కెమిస్ట్రీ వారిని. సరైన ప్రయోగశాల లేని కళాశాలలో నాలుగేళ్లు చదివిన బీటెక్ బయోటెక్ విద్యార్థులు చివరికి మెడికల్ కోడింగులోనో సాఫ్ట్‌వేర్‌లోనో చేరడం నేను తరచుగా చూస్తున్నాను. ఆ ఉద్యోగాలు తక్కువవని నా ఉద్దేశం కాదు, కానీ వాటి కోసం అంత ఫీజు కట్టి ఈ దారిలో వెళ్లవలసిన పని లేదు. ఈ మధ్య దీనికే కృత్రిమ మేధ పేరు జోడించి ఫీజు పెంచుతున్నారు. సీటు ఖాయం చేసే ముందు ఆ కళాశాల ప్రయోగశాలను మీ కళ్లతో చూడండి. డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం మీద దుమ్ము ఉందా, మూడో ఏడాది విద్యార్థి దాన్ని తన చేత్తో నడిపాడా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అక్కడ డబ్బు కట్టవద్దు.

ఐసర్ దారి సులువైనదని కూడా నేను అనను. బీఎస్-ఎంఎస్ అయిదేళ్లు, ఆ పైన పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు. స్థిరమైన ఉద్యోగం చేతికి వచ్చేసరికి ఆమెకు ముప్పై దగ్గర పడతాయి. అయితే ఈ కాలమంతా మీరే పోషించవలసిన అవసరం లేదు. అర్హత ఉంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ ఉపకార వేతనం ఏడాదికి 80,000 రూపాయలు. పరిశోధనలో చేరి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే, 2023లో సవరించిన ప్రకారం నెలకు 37,000 రూపాయలు. పరిణామ శాస్త్రం చదివినవారు శిలాజాల మధ్యే కూర్చుంటారనుకోవద్దు. మందులకు లొంగని మలేరియా పరాన్నజీవి, మందుకు చావని దోమ, యాంటీబయాటిక్‌లను తట్టుకునే బ్యాక్టీరియా, వీటి మీద జరిగే పనికి పునాది ఈ శాస్త్రమే. కొరాపుట్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి దోమల పరిశోధన కేంద్రానికి క్షేత్ర స్థానం ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో రక్తపరీక్షలతోపాటు, పెళ్లికి ముందే జంటలకు జన్యు విషయాలు వివరించి చెప్పవలసిన పని ఉంది. కువి, ఒడియా, తెలుగు వినిపించే మీ జిల్లాలో పెరిగిన పిల్లకు అక్కడ ఉండే విలువ నగరం నుంచి వచ్చినవారికి ఉండదు.

పదో తరగతి పుస్తకం నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పరిణామం పాఠాన్ని తీసేసిందన్న వార్త మీరు చదివి ఉండవచ్చు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో అది అలాగే ఉంది, మీరు రాయించాలనుకుంటున్న నీట్‌లోనూ ఉంది.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. మందు కొట్టినా దోమలు ఎందుకు చావడం లేదని మీ అమ్మాయిని అడగండి. "అలవాటు పడ్డాయి" అని ఊరుకుంటే, ఆమెకు నచ్చింది శాస్త్రం కాదు, కోచింగు నుంచి తప్పించుకునే దారి అయి ఉండవచ్చు. అప్పుడు కోపగించకుండా ఆ కోచింగులో ఏం జరుగుతోందో కనుక్కోండి. ముందే ఉన్న తేడా, తరాలు, సంతానం అంటూ వివరించడం మొదలుపెడితే ఆమె మాటను నమ్మండి. తరువాత గణితం సంగతి చూడండి. ఐసర్ ప్రవేశ పరీక్షలో గణితం ఉంటుంది, ఈ శాస్త్రం సగం సంభావ్యత మీదే నడుస్తుంది. ప్లస్ టూలో జీవశాస్త్రంతోపాటు గణితం కూడా తీసుకుని ఉంటే మంచిదే, లేకపోతే ఇప్పుడే ఒక గణితం మాస్టారి దగ్గర కూర్చోబెట్టండి. కోచింగుకు కట్టిన ఫీజు పోతుందని బాధపడకండి, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు నీట్‌కూ, ఐసర్ పరీక్షకూ పనికివస్తాయి. ఈ ఏడాది రెండూ రాయనివ్వండి. ఐసర్ లాంటిదే అయిన భువనేశ్వర్‌లోని సైన్సు సంస్థ నైసర్ ప్రవేశ పరీక్ష నెస్ట్‌కు కూడా దరఖాస్తు చేయించండి. బీటెక్ సీటుకు అడ్వాన్సు మాత్రం ఫలితాలు వచ్చేదాకా కట్టకండి.